ఇంటర్వెల్ తరవాత

"ఎలా ముగిసింది?" అన్నాడు ఓద్దుర్.

బుధవారం నుంచి ఇది నాలుగోసారి. గ్రోవా గరిటెడు పిండి పెనం మీద పోసి గుండ్రంగా తిప్పింది. పిండి అంచులదాకా పల్చగా పాకింది. అట్టు కాలేంతసేపూ దానివంకే చూస్తూ నిలబడింది.

"నిన్నే అడిగేది. ఆ సినిమా ఎలా ముగిసిందీ అని."

"కూర్చుని చూసుంటే తెలిసేదిగా."

ముప్పై నాలుగేళ్ళు ఊరంతా ఉత్తరాలు పంచి, ఉద్యోగం దిగిపోయిన మనిషి ఓద్దుర్. కిటికీ పక్క కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదురు కొండ కొమ్మువైపు చూస్తూ కూర్చున్నాడు. నవంబరులో ఆ కొండ వెనక్కి పోయిన సూర్యుడు ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ కనిపించాలి. మబ్బు పట్టకపోతే అయిదారు నిమిషాలు. ఈపాటికి ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ అట్లు కాలుతూ ఉంటాయి. తిరిగొచ్చిన సూర్యుడి పేరున అట్లతో కాఫీ తాగడం ఊరి ఆనవాయితీ.

ముప్పై మూడేళ్ళుగా గ్రోవా ఆ అట్లు ఈ పెనం మీదే పోస్తోంది. వేరే ఏదీ వండని పెనం, సబ్బు తగలనివ్వని పెనం. ఇవాళ మొదటి మూడూ చిరిగిపోయాయి.

పెనానికేం కాలేదు. ఆమె ధ్యాసే దాని మీద లేదు.

బుధవారం సాయంత్రం నుంచీ ఆమె మనసు ఆ ఇంటర్వెల్ దగ్గరే ఆగిపోయి ఉంది. తెర మీద, సముద్రం మధ్య దీపస్తంభంలో కాపలా ఉండే మనిషి భార్య మంచం కింద ఒక పెట్టె దాచుకుంది. రోజుకో వస్తువు అందులో పెడుతోంది. ఒకరోజు మేజోళ్ళు. ఒకరోజు దువ్వెన. ఒకరోజు తల్లి ఫొటో. మొగుడికి తెలియదు. చివరికి పెట్టె నిండింది. మూత వెయ్యబోతుంటే మెట్ల మీద అతని బూట్ల చప్పుడు. సరిగ్గా అక్కడ ఆపి లైట్లు వేశారు. ఎప్పుడూ అంతే, ఊపిరి బిగబట్టిన చోటే ఆపుతారు. అందరూ కాఫీకి లేచారు.

హాల్లో కాఫీ, అతిమధురం మిఠాయి అమ్మేది బేరా. గ్రోవాకి చిన్ననాటి నేస్తం. కప్పులు అందిస్తూ బల్ల మీంచి ముందుకి వంగి, "ఏమే, ఇది నీ పెట్టె కథే కదే! అప్పట్లో మెట్ల కింద దాచుకున్నావే, గోధుమరంగుది?" అంది. గుసగుసగానే అంది. కాని బేరా గుసగుస రేవుదాకా వినిపిస్తుంది.

గ్రోవా తిరిగి చూసేసరికి వెనకే ఓద్దుర్ నిలబడి ఉన్నాడు. చేతుల్లోకి తీసుకున్న రెండు కప్పులనీ తిరిగి బల్ల మీద పెట్టాడు. ఒక్క చుక్క ఒలకలేదు. కోటు కూడా తీసుకోకుండా మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు దాచుకున్న సంగతి మిఠాయి బల్ల ముందు, పది మంది మధ్య, అలా జారిపోయింది.

గ్రోవా అతని వెంట వెళ్ళలేదు. కాళ్ళు రాలేదని తనకి తాను చెప్పుకుంది. నిజం అది కాదు. తెర మీది ఆడమనిషి పడవ ఎక్కుతుందో లేదో ఆమెకి చూడాలనిపించింది. అందుకని భర్త ఖాళీ కుర్చీ పక్కన, అతని కోటు ఒళ్ళో పెట్టుకుని, రెండో సగం మొత్తం చూసింది.

అప్పటినుంచీ ఇంట్లో ఇదే వరస. అతను పెట్టె గురించి అడగడు. సినిమా ముగింపు గురించే అడుగుతాడు. ఇవాళో రేపో అసలు మాట అడగక మానడు: నన్ను వదిలి పోదామనుకున్నావా? అవునంటే ఈ ఇంట్లో ఇక మిగిలేదేమిటి? కాదంటే అబద్ధం.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. ఈ ఊళ్ళో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. తోసుకుని లోపలికొచ్చి, బూట్లు విప్పుకుంటూ కేకేస్తారు. తలుపు తట్టారంటే అది పాస్టరే. పడవ తిరిగిరాక, చావుకబురు చెప్పాల్సిన రోజు తప్ప పాస్టరు తట్టడు.

"అబ్బ, వాసన మలుపుదాకా వస్తోంది!" అంటూ వచ్చింది స్వాలా. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. నెలలు నిండుతున్నాయి. కడుపు ముందు, తను వెనక. "చిరిగినవి నాకు పెట్టు అమ్మా. లోపలున్నవాళ్ళకి చిరిగిందో బాగుందో తెలీదు."

"కూర్చో తల్లీ. నిలబడి తినకు."

"కూర్చుంటే మళ్ళీ లేవాలిగా." స్వాలా అట్టు మీద పంచదార చల్లి చుట్టి నోట్లో పెట్టుకుంది. "నాన్నా, విన్నావా? ఊళ్ళో ఎవర్ని కదిపినా ఆ సినిమా గొడవే. రేవులో క్రేను తోలే ఎర్లింగుర్ నిన్న పెళ్ళానికి పువ్వులు తెచ్చాట్ట. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి. ఆవిడ వాటిని అందుకోనైనా అందుకోకుండా 'ఎవతె అది?' అని అడిగిందట!"

ఓద్దుర్ కొండవైపే చూస్తున్నాడు.

"మా ఎదురింటి ముసలాయనయితే మంచం కింద టార్చి వేసి వెతుక్కున్నాడట. చెప్పులూ దుమ్మూ తప్ప ఏం దొరకలేదట. దొరకనందుకు కొంచెం బాధపడ్డాడని వాళ్ళావిడ చెప్పి ఒకటే నవ్వు." స్వాలా ఆగి ఇద్దరివైపూ చూసింది. "మీరు నవ్వరేంటి? నేను నడుము పట్టుకుని ఇంత దూరం మోసుకొచ్చాను ఈ కబురు."

"నవ్వుతున్నాగా," అంది గ్రోవా.

"ఎక్కడ? నేనయితే ఆ సినిమా చూసి ఇంటికెళ్ళి నా పెట్టె సర్దేసుకున్నా. మంగళవారం విమానం కదా. పురుడుకి ఇంకా మూడు వారాలుంది, అప్పుడే వెళ్ళి పరాయి ఊళ్ళో ఎవరింట్లోనో కూర్చోవాలంటే ఏడుపొస్తోంది. తోడు రావడానికి మా ఆయనేమో పడవ మీద సముద్రంలో ఉన్నాడు." ఊళ్ళో మంత్రసాని లేక పధ్నాలుగేళ్ళయింది. పురుడు దగ్గరపడిందంటే ఈ ఊరి ఆడవాళ్ళందరిదీ ఇదే తిప్పలు. స్వాలా ఇంకో అట్టు అందుకుంది. "అయినా నాన్నా, నువ్వు ఇంటర్వెల్‌లో వచ్చేశావటగా? అయ్యో, అసలు కథంతా తరవాతే. అతను తలుపు తీసి..."

"చెప్పకు," అంది గ్రోవా.

గరిటె గిన్నెకి తగిలి ఠంగుమంది.

"చెప్పనీ," అన్నాడు ఓద్దుర్.

"నేను చెబుతాను. అది నేనే చెప్పాలి."

స్వాలా నములుతున్నది ఆపేసింది. తల్లి వీపువంక, తండ్రి వీపువంక చూసింది. "మీరిద్దరూ పక్కపక్కనే కూర్చుని వేరే వేరే సినిమాలు చూసొచ్చారా ఏంటి?" అంది మెల్లగా.

గ్రోవా బాగా వచ్చిన అట్లు పది ఏరి, పళ్ళెంలో పెట్టి, గుడ్డ కప్పింది.

"ఇవి బేరాకి ఇచ్చిరా."

"ఇప్పుడా? ఎండ వచ్చే వేళకి నేను ఇక్కడుండాలి. చిన్నప్పటినుంచీ మన వంటింట్లోనే చూశాను."

"వచ్చేస్తావులే. రెండిళ్ళ అవతలేగా."

స్వాలా వెళ్తూ వెళ్తూ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని వదిలేశాడు. గ్రోవా అది చూసింది. ఏదో తెగించబోయే మనిషి పట్టుకునే పట్టు అది.

తలుపు మూసుకుంది. గ్రోవా పొయ్యి ఆపేసింది.

"బేరా అన్నది విన్నావు కదా."

"విన్నాను."

"మరి అడగవేం? మూడు రోజుల్నించీ అడిగిందే అడుగుతున్నావు గానీ, అడగాల్సింది అడగవేం?"

"ముందు ముగింపు చెప్పు."

"చెప్పను. ముందు ఇది విను." ఆమె చేతులు తుడుచుకుని అతనికి ఎదురుగా కూర్చుంది. "మన పెళ్ళయిన రెండో ఏడు. రాజధానిలో మంత్రసాని బడికి దరఖాస్తు పెట్టాను. ఇక్కడి తపాలా డబ్బాలో వేస్తే నీ చేతిలోనే పడుతుందని, చుట్టాల్ని చూసొస్తానని నీతో చెప్పి, పడవెక్కి అవతలి ఊరెళ్ళి వేసొచ్చాను. అప్పట్నించే పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. మెట్ల కింద. బేరాకి తప్ప ఎవరికీ తెలీదు."

"చదువుకని."

"చదువుకే." గ్రోవా ఊపిరి పీల్చుకుంది. "కాని మళ్ళీ వద్దామని అనుకోలేదు."

చెప్పేసింది, ఇక ఏదైతే అదవుతుంది. అతను అరుస్తాడనుకుంది. అరవలేదు.

"నిన్ను ద్వేషించి కాదు, ఓద్దుర్. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నీ సంచి చప్పుడు కోసం ఎదురుచూడ్డం తప్ప నాకేం ఉండేది కాదు. నువ్వొచ్చేవాడివి, తినేవాడివి, పడుకునేవాడివి. పెళ్ళికి ముందు ముసలి మంత్రసాని వెంట సంచి మోస్తూ ఇల్లిల్లూ తిరిగినదాన్ని నేను. పుట్టిన పిల్లల్ని ఈ చేతులతో అందుకున్నదాన్ని."

"తెలుసు."

"జవాబు వస్తే నీ చేతిమీదుగానే రావాలని కూడా తెలుసు. తెలిసే రాశాను. ఎంత కోపమొచ్చినా ఉత్తరం మాత్రం ఇస్తాడు, ఉత్తరం దగ్గర ఓద్దుర్ తప్పు చెయ్యడు అనుకున్నాను. మంచు తుఫాన్లో మోకాలు విరిగినా సంచి వదల్లేదు నువ్వు. ఆగస్టు నెలంతా ఈ కిటికీ దగ్గరే నిలబడ్డాను. నువ్వు మలుపు తిరిగేవాడివి. సంచి దించేవాడివి. కరెంటు బిల్లు. మా అక్క కార్డు. అంతే. నేను పనికిరాననుకున్నారు కాబోలు అని సెప్టెంబరులో పెట్టె విప్పేశాను. పై ఏడు స్వాలా పుట్టింది."

ఓద్దుర్ మొహంలో కోపం లేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

"ఇప్పుడైనా చెప్పు, గ్రోవా. ఎలా ముగిసింది?"

"ఎందుకంత పట్టు నీకు?"

"చెప్పు."

"అతను తలుపు తీశాడు. పెట్టె చూశాడు. ఒక్క మాట అడగలేదు. గూట్లోంచి తన ఉన్ని చేతితొడుగులు తీసి, ఆమె బట్టల మీద పెట్టాడు. మూత పడలేదు. మోకాలితో నొక్కి మూసి, తాడు కట్టి, భుజానికెత్తుకుని పడవదాకా తనే మోసుకెళ్ళాడు."

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"తిరిగొచ్చిందా?"

"చూపించలేదు. అతను రోజూ మెట్లెక్కి దీపం వెలిగించడం చూపించారు. అక్కడితో అయిపోయింది." గ్రోవా బల్ల మీది పంచదార పలుకుల్ని వేలితో ఒకచోటికి చేర్చింది. "హాల్లో అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. వాళ్ళ కోసం కాదు. నువ్వయితే ఏం చేసేవాడివా అని చూసుకున్నాను. నువ్వూ మోసేవాడివే అనిపించింది. తిడుతూ మోసేవాడివి. దార్లో నాలుగుసార్లు కింద పెట్టి, ఎందుకింత బరువు, రాళ్ళు నింపావా అని అరిచేవాడివి. కాని మోసేవాడివి. అంత మంచివాడికి తెలీకుండా ఇంట్లో పెట్టె దాచానే అని ఏడ్చాను. అందుకే నీకు చెప్పలేకపోయాను."

ఓద్దుర్ లేచాడు. లేచేటప్పుడు కుర్చీ పడిపోయింది. దాన్ని ఎత్తలేదు. పెరటి తలుపు తీసుకుని పడవ సామాన్లుండే పాకవైపు వెళ్ళాడు.

తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో పాత తోలు సంచి ఉంది. రెండేళ్ళ కింద ఉద్యోగం దిగిపోయినప్పుడు ఆఫీసువాళ్ళు గుర్తుగా ఉంచుకోమన్న సంచి. అడుగున ఉన్న అట్ట ఎత్తి, దాని కిందనుంచి ఒక కవరు తీశాడు. బల్ల మీద, పంచదార పక్కన పెట్టాడు.

కవరు మీద ఆమె పేరు. గ్రోవా ఇంగ్వార్స్‌దోత్తిర్. మూల మీద బడి ముద్ర. తపాలా ముద్రలో ఆగస్టు పధ్నాలుగు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి ఆగస్టు.

"తెరవలేదు," అన్నాడు ఓద్దుర్. "ఒట్టు. ఒకరి ఉత్తరం నేను తెరవను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటి తెరవలేదు."

గ్రోవాకి నవ్వొచ్చింది. అది నవ్వులా బయటికి రాలేదు.

"నొక్కేస్తావు గానీ తెరవవు!"

"ఇద్దామనే సంచిలో ఉంచాను. ఒక వారం మోశాను. ఆ వారమంతా నువ్వు గిన్నెలు తోముతూ పాడుకుంటున్నావు. పెళ్ళయ్యాక అంతవరకూ నువ్వు పాడగా నేను వినలేదు. కవరు మీద ముద్ర చూశాక ఎందుకు పాడుతున్నావో అర్థమైంది. ఇస్తే ఆ పాట పడవెక్కి పోతుంది. ఇవ్వకపోతే..."

"ఇవ్వకపోతే ఇక్కడే చస్తుంది. చచ్చింది కూడా."

"వారం దాటాక ఇవ్వడానికి మొహం లేకపోయింది. నెల దాటాక ధైర్యం లేకపోయింది. మొన్న సినిమాలో వాడి బూట్ల చప్పుడు మెట్ల మీద వినపడగానే, వాడు నేనే అనుకున్నా. తలుపు తీస్తాడు, పెట్టె చూస్తాడు, తాళం వేసి తాళంచెవి సముద్రంలో పారేస్తాడు అనుకున్నా. అది నీ పక్కన కూర్చుని చూడలేక వచ్చేశా. వాడు అలా చెయ్యలేదని నాకేం తెలుసు?"

ఆ చివరి మాటలో, వాడు కూడా అలాగే చేసి ఉంటే బాగుండునన్న ఆశ ఆమెకి వినిపించింది. మూడు రోజులుగా ఇతను అడుగుతున్నది అందుకన్నమాట. తనలాంటివాడు ఇంకొకడు ఉన్నాడని తెలుసుకోవడానికి.

"నేనది ఇచ్చి ఉంటే," అన్నాడు అతను, నేలవైపు చూస్తూ, "స్వాలా ఉండేది కాదు."

"దాని పేరెత్తకు!" బల్ల మీద గిన్నెలు కదిలాయి. "దాన్ని అడ్డం పెట్టుకోకు. మంగళవారం నిండు కడుపుతో అది ఒక్కతీ విమానం ఎక్కుతోంది. ఎందుకో తెలుసా నీకు? ఈ ఊళ్ళో మంత్రసాని లేక!"

ఓద్దుర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అప్పుడు ఎండ వచ్చింది. కొండ కొమ్ము మీంచి జారి, కిటికీలోంచి బల్ల మీద పడింది. ఇద్దరూ బయటికి చూడలేదు. వెలుగులో కవరు పల్చబడి, లోపలి కాగితం మడత నీడగా కనిపించింది. ఒక్క కాగితమే. వద్దనడానికి ఒక్కటి చాలు. రమ్మనడానికీ ఒక్కటి చాలు.

"తెరువు," అన్నాడు ఓద్దుర్. కవరుని ఆమెవైపు ఒక్క వేలితో జరిపాడు. "ఏముందో చూడు. చూశాక నన్నేమైనా అను."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఉత్తరంలో 'వద్దు' అని ఉండాలని ఈ మనిషి ముప్పై ఒక్క ఏళ్ళుగా కోరుకుంటున్నాడు. అలా ఉంటే అతని తప్పు సగం కరిగిపోతుంది. నవ్వేసి, కాఫీ పొయ్యమంటాడు కూడా.

గ్రోవా కవరు ముట్టుకోలేదు.

"ఇది నాకింకా అందలేదు," అంది.

"అదేంటి, నీ ముందే ఉందిగా."

"బల్ల మీద పడేస్తే అందినట్టు కాదు. నువ్వే అనేవాడివి, గుమ్మంలో నిలబడి, పేరు పిలిచి, చేతికిస్తేనే ఉత్తరం ఇచ్చినట్టని. సంచి తగిలించుకో. బయటికి వెళ్ళు. మలుపు దగ్గర్నుంచి రా."

"గ్రోవా..."

"మోసుకురా, ఓద్దుర్. ఇదైనా మోసుకురా."

అతను కవరుని సంచిలో పెట్టుకున్నాడు. కొక్కేనికి వేలాడుతున్న పాత తపాలా కోటు తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర గుండీ పడలేదు. వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, వెనక మూశాడు.

గ్రోవా కిటికీ దగ్గరికొచ్చింది. ఆ ఆగస్టులో నిలబడినచోటే నిలబడింది. మలుపుదాకా వెళ్ళి అతను ఇటు తిరిగాడు. విరిగిన మోకాలు ఈడుస్తూ, సంచి తుంటికి కొట్టుకుంటుంటే, మంచులో ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాడు. అతను గేటు దాటేలోపే ఎండ వెళ్ళిపోయింది.

ఆమె నడవాలోకి నడిచింది. మెట్ల కింద, క్రిస్మస్ దీపాల తీగలు నింపి పెట్టిన గోధుమరంగు పెట్టె అలాగే ఉంది. దాని పిడి ఆమె మోకాలికి తగిలింది. తలుపు వెనక నిలబడి గడియ మీద చెయ్యి వేసింది.

బయట బూట్లు ఆగాయి.

ముప్పై మూడేళ్ళలో ఆ తలుపుని అతను తోసుకుని రావడమే తప్ప తట్టి ఎరగడు. ఇప్పుడు తట్టాడు. మూడుసార్లు.

"గ్రోవా ఇంగ్వార్స్‌దోత్తిర్!" అని పిలిచాడు, ఎవరో పరాయి మనిషిని పిలిచినట్టు.

ఆమె గడియ తీయలేదు.

సందులోంచి గబగబా అడుగులు, రొప్పుతున్న గొంతు. స్వాలా వెనక్కి వచ్చేసింది.

"నాన్నా! మనింటి తలుపు తడుతున్నావేంటి?" ఆమె అడుగులు ఆగిపోయాయి. "ఎవరు పోయారు?"

అతను ఏమని చెబుతాడో వినడానికి, తలుపుకి ఇటువైపు, గ్రోవా ఊపిరి బిగబట్టి నిలబడింది.